కారణం: వేగం

మార్చి 4

అక్క సైకిలు మీంచి పడింది.

మార్చి 5

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. చెయ్యి విరిగింది ఆమెకి, రాయలేకపోయింది నేను.

ఇది పాత హాజరు పుస్తకం. సగం ఖాళీ. పనిముట్ల గదిలో చీపుర్ల వెనక పడి ఉంది, దీన్ని ఎవరూ అడగరు. భోజనం అయ్యాక నాతో పనిచేసే మీసం ఒక కునుకు తీస్తాడు కాబట్టి ఆ అరగంట నాది.

పడింది మూడో మలుపులో. పొద్దున ఎనిమిదింబావుకి, లైబ్రరీకి పనికి వెళ్తూ. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. గడ్డం మీద నాలుగు కుట్లు. ముంజేతి నిండా ఇసుక దిగబడితే నర్సు చిన్న పట్టకారుతో ఒక్కొక్క రేణువూ ఏరుతోంది. అక్క కేకలు పెట్టలేదు. "మీకు శ్రమ ఇస్తున్నాను" అంటోంది నర్సుతో.

ఆ కబురు తెచ్చింది మీసమే. పన్నెండేళ్ళుగా ఈ సైకిలు బాట మీద నాకు జోడీ వాడు. నది వెంట తొమ్మిది కిలోమీటర్ల తారు బాట, ఊడవడానికి మేమిద్దరం. నేను ఒకటో కిలోమీటరు దగ్గర ఉంటే రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, మీ అక్క పడిపోయింది. మూడో మలుపులో."

"మధ్యలోనా, అంచునా?" అన్నాను.

వాడు నా మొహంలోకి వింతగా చూశాడు. దెబ్బలు తగిలాయా అని కదా ఎవరైనా ముందు అడిగేది. ఎందుకలా అడిగానో నాకు తెలియదు. కంగారులో నోటికి ఏదొస్తే అది వస్తుంది.

పొద్దున ఆరున్నరకే ఆ మలుపు ఊడ్చాను. రిజిస్టరులో టిక్కు ఉంది.

మార్చి 7

ప్రమాదం కాగితం నింపి పంపాను. బాట మీద ఎవరు పడినా మూడు రోజుల్లో అది ఆఫీసుకు చేరాలి. పేరు, వయసు, చోటు, గాయం, కారణం. అక్క పేరు రాస్తుంటే ఎవరో పరాయి మనిషి పేరులా ఉంది. వయసు యాభై ఎనిమిది. చోటు, మూడో మలుపు. కారణం, వేగం.

చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. ఆ గడిలో నేనెప్పుడూ అదే రాస్తాను. గడి చిన్నది, మాట రెండక్షరాలు, చక్కగా ఇముడుతుంది. పంపేశాక గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

అక్కకి వేగమా! చిన్నప్పుడు ఆవిణ్ణి నత్త అని పిలిచింది నేనే. ఆమె సైకిలు తొక్కుతుంటే పక్కన నడిచే మనుషులు దాటి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. బాట మీద అందరూ గంట కొట్టేది ఆమె వెనకే. ఆమె గంట మాత్రం మోగించే అవసరం రాక తుప్పుపట్టిపోయింది. సబ్బు కూడా ఆమె చేతిలో మెల్లగానే అరుగుతుంది.

దిద్దాలంటే ఆఫీసుకు వెళ్ళి అడగాలి. అడిగితే ఎందుకంటారు. ఎవరు చదువుతారు కనక ఆ కాగితాలు.

మార్చి 8

ఊడ్చాను.

మార్చి 10

అక్కని ఇంటికి తీసుకొచ్చి మూడు రోజులు. చెప్పులు కుట్టే దుకాణం మీద మా రెండు గదులు. మెట్లు పద్దెనిమిది. అదివరకు ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆమెను పట్టుకుని ఎక్కిస్తే లెక్క తెలిసింది.

ఎడమ చేత్తో బొత్తాలు పెట్టుకుంటుంది. నేను పెడతానంటే ఒప్పుకోదు. జడ మాత్రం నాతో వేయించుకుంటోంది. యాభై రెండేళ్ళొచ్చాక జడ వెయ్యడం నేర్చుకున్నాను. మూడు పాయలు ఎప్పుడూ నాలుగవుతున్నాయి.

"ఒరేయ్, ఇది జడా, చీపురా?" అంది ఇవాళ.

"నాకు వచ్చిన పని అదే కదక్కా."

నవ్వింది. కుట్లు లాగి మళ్ళీ మొహం చిట్లించింది. అప్పుడు అడిగింది.

"అక్కడ ఇసుక ఉందేమోరా? ముందు చక్రం కింద ఉన్నట్టుండి నేల లేనట్టయింది."

"పొద్దున్నే ఊడ్చాను."

"నువ్వు ఊడ్చావంటే ఉండదులే. నేనే ఏదో పరధ్యానంలో ఉండుంటాను."

ఉండదులే. ఆ "లే" దగ్గర నా చేతిలో పాయ జారిపోయింది. మళ్ళీ మొదటినుంచి అల్లాను.

మార్చి 12

మీసం ఇవాళ నిద్రపోలేదు. గోడకి జారబడి నా వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

"ఆ రోజు మూడో మలుపు ఎత్తావా అన్నా, తోశావా?"

"ఊడ్చాను."

"అది కాదు నేనడిగింది."

ఒళ్ళు మండింది. చీపురు పట్టడం నేర్పించిందే నేను వీడికి, వీడు నన్ను ఆరా తీస్తాడా. లేచి బయటికి వచ్చేశాను.

ఎత్తడం, తోయడం. మా పనిలో ఊడవడం అంటే ఈ రెండే. ఎత్తడమంటే ఇసుకను కుప్ప చేసి, పారతో బస్తాల్లోకి ఎత్తి, బండిలో వేసుకుని నాలుగు వందల గజాల అవతల గుంటలో పోసి రావడం. తోయడమంటే చీపురుతో అంచుకి నెట్టేసి ముందుకు పోవడం. మిగతా చోట్ల తోసినా నష్టం లేదు, అవతల పల్లంలోకి జారిపోతుంది. మూడో మలుపులో అవతల గోడ ఉంది. తోసింది తోసినట్టే లోపలి అంచున ఉండిపోతుంది. గాలి కొడితే కొంచెం, చక్రాలు తగిలితే కొంచెం మళ్ళీ తారు మీదికి పాకుతుంది. పలచగా, కంటికి ఆనకుండా.

రిజిస్టరులో మాత్రం ఒకటే ప్రశ్న ఉంటుంది. ఊడ్చారా? ఊడ్చాను. అబద్ధం కాదు.

మార్చి 13

మోకాలి నొప్పి నిజం. బస్తాలు ఎత్తొద్దని డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా ఉంది నా దగ్గర.

మార్చి 17

ఆఫీసు నుంచి బంట్రోతు ఇంటికి వచ్చాడట, ప్రమాదం కాగితం నకలు ఇచ్చి సంతకం పెట్టించుకోవడానికి. ఇదివరకు ఇలా ఎవరింటికీ పంపలేదు. కొత్తగా వచ్చిన సారు అన్నీ పద్ధతిగా జరగాలంటున్నారట.

నేను వెళ్ళేసరికి అక్క కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇది నువ్వే రాశావా?"

"ఊఁ."

"కారణం, వేగం. నేనా? వేగమా?"

ఇప్పుడు తిడుతుంది, లేదా అడుగుతుంది, అడిగితే చెప్పాలి అనుకున్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నా ఆపలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పడిన తరవాత అంత నవ్వు అదే మొదలు.

"ఒరేయ్, ఆఫీసు కాగితం మీద, ముద్రేసి మరీ! అమ్మ ఉంటే చూపించేదాన్ని."

నేనూ నవ్వాను. ఏం చెయ్యను.

మార్చి 20

అక్క ఇవాళ జడ వేయించుకుంటూ, తనలో తను అనుకుంటున్నట్టు, అంది.

"ఆ రోజు చెవుల్లో గాలి హోరుమందిరా. ఇప్పుడు గుర్తొస్తోంది."

"ఏ రోజు?"

"పడిన రోజే. వంతెన దిగాక రెండు తొక్కులు గట్టిగా తొక్కాను. ఎందుకో బాగుందనిపించింది. ఇంకా తొక్కాను."

ఆ రోజు గాలి లేదు. నాకు తెలుసు, గాలి లేని రోజు ఊడవడం తేలిక.

మార్చి 21

చెప్పలేదు. రేపు చెప్తాను.

మార్చి 25

లైబ్రరీ వాళ్ళు ఇద్దరు చూడ్డానికి వచ్చారు. అక్క అక్కడ చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కడుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆమె కట్టిన పుస్తకం మళ్ళీ ఆమె బల్ల మీదికి రాదంటారు. అయితే ఇంకొకరు మూడు కట్టేలోపు ఆమె ఒకటి కడుతుందనీ అంటారు, ఆమె ముందే, నవ్వుతూ. అక్కా నవ్వుతుంది.

ఇవాళ వాళ్ళకి కాగితం చూపించింది. పెద్ద లైబ్రేరియన్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఏమండోయ్, ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశారన్నమాట!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అక్క మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. సిగ్గు, గర్వం, రెండూ. కింద దుకాణం ఆయనకి కూడా చెప్పిందట. ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపి, "మీ అక్కగారికి కాస్త చెప్పండి, ఈ వయసులో ఆ దూకుడేంటి?" అన్నాడు. చెప్తానన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఒక పని చేసింది. ఆ ఒక్క కాగితానికి అట్ట కట్టింది. ఎడమ చేత్తో, దారం కొస పళ్ళతో పట్టుకుని. మధ్యాహ్నమంతా పట్టింది. నీలం గుడ్డ అట్ట. లోపల ఒకటే పేజీ.

నాన్న సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తాను, ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

నాన్న ఆస్పత్రిలో ఆఖరి పొద్దున అక్క కోసం అడుగుతూనే ఉన్నాడు. కబురు పంపాం. ఆమె సైకిలు మీద బయల్దేరింది. ఆమె వచ్చేసరికి పది నిమిషాలైంది ఆయన పోయి. అందరి ముందూ నేనే అన్నాను. "జన్మలో ఒక్కసారైనా కాస్త వేగంగా తొక్కి ఉంటే కళ్ళు తెరిచి ఉండగా చూసేదానివి" అని. పద్నాలుగేళ్ళయింది. ఆమె ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను క్షమించమని అడగనూ లేదు. కోపంలో అన్న మాట అని సర్దుకున్నాను. ఆ మాట పోలేదు, ఆమె లోపలే ఉండిపోయింది. ఇప్పుడు నేను రాసిన రెండక్షరాలు చూసుకుని దాన్ని చెరిపేసుకుంటోంది.

దీన్ని తియ్యమంటే నావల్ల ఎలా అవుతుంది.

మార్చి 28

ఎముకల డాక్టరు కట్టు విప్పి చూశాడు. ఎముక అతుక్కుంటోంది, కానీ బొటనవేలు పూర్తిగా ముడుచుకోకపోవచ్చన్నాడు. సూది పట్టుకోవడం కష్టమవుతుందన్నాడు. అక్క మాత్రం, "సైకిలు తొక్కొచ్చా?" అని అడిగింది.

"రెండు నెలలు పోనివ్వండి. అప్పుడు కూడా మెల్లగా."

"మెల్లగా అంటే కుదరదండీ" అంది. డాక్టరు నవ్వాడు.

బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని నడుస్తూ, "ఈసారి మలుపు దగ్గర మాత్రం కొంచెం తగ్గిస్తాలే, భయపడకు" అంది.

ఏప్రిల్ 2

కొత్త సారు బాట మీదికి వచ్చారు. ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతారని మీసం ఆయనకి ఫైలు సారు అని పేరు పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎండలో తొమ్మిది కిలోమీటర్లూ నడిచారు.

మూడో మలుపు దగ్గర ఆగి ఫైలు తెరిచారు. "ఏడాదిన్నరలో ఈ ఒక్క మలుపులో ఎనిమిది మంది. ఎనిమిదింటికీ కారణం వేగమే. ఇన్నాళ్ళూ ఇక్కడ ఒక బోర్డు పెట్టాలని ఎవరికీ తోచలేదా?"

మీసం నావైపు చూశాడు. నేను నది వైపు చూశాను.

"నువ్వేమంటావు?" అన్నారు సారు నన్ను. "పన్నెండేళ్ళుగా చూస్తున్నావు కదా."

"బోర్డు మంచిదే సార్" అన్నాను.

ఏప్రిల్ 4

బోర్డు పాతాం. గుంత తవ్వింది నేనే. పసుపు రేకు మీద నల్ల అక్షరాలు. "మలుపు. వేగం తగ్గించండి. మెల్లగా వెళ్ళేవారు అంచున వెళ్ళండి."

అంచున.

మీసం బోర్డు చదివి పార కింద పడేశాడు. "అన్నా, నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఏం చెప్తావు? రేపట్నుంచి నేను అంచు కూడా ఊడుస్తాను, సరేనా?"

"ఊడుస్తావు" అన్నాడు వాడు. అంతే అన్నాడు.

ఏప్రిల్ 5

అంచు ఊడ్చాను. రెండు బస్తాలు ఎత్తాను కూడా. మోకాలు వాచింది. ఇంకా చాలా ఉంది అడుగున, రెండేళ్ళది.

ఏప్రిల్ 6

గాలి. ఎత్తలేదు.

ఏప్రిల్ 9

గొడుగులు బాగుచేసే ముసలాయన పడ్డాడు. నా కళ్ళ ముందు.

నేను గోడ నీడలో కూర్చుని మోకాలికి మందు రాసుకుంటున్నాను. ఆయన సైకిలు వెనక గొడుగుల కట్ట పెట్టుకుని వస్తున్నాడు. బాట మధ్యలోనే వస్తున్నాడు. బోర్డు చూశాడు. పెదాలు కదిలాయి, చదువుతున్నాడని తెలుస్తూనే ఉంది. చదివి, బుద్ధిగా, బ్రేకు నొక్కి, అంచుకి జరిగాడు.

నేను లేవబోయాను. నోరు తెరిచాను. ఏమని అరవాలి? అంచున వెళ్ళకు అనాలా, నేను పాతిన బోర్డు కిందే నిలబడి?

ముందు చక్రం పక్కకి కొట్టేసింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. గొడుగులు దొర్లుకుంటూ పోయాయి. ఆయన లేవలేదు. తుంటి దగ్గర చెయ్యి పెట్టుకుని, నేను దగ్గరికి వెళ్తే, నాకు సంజాయిషీ చెప్తున్నాడు.

"బోర్డులో రాసినట్టే వెళ్ళానండీ. మెల్లగానే వెళ్ళాను. అంచునే వెళ్ళాను."

"తెలుసు తాతా. తెలుసు" అన్నాను.

మీసం, నేను గొడుగులన్నీ ఏరి కట్టగట్టాం. ఆస్పత్రి బండి వెళ్ళిపోయాక వాడు ఒక్కడే పార పట్టుకుని అంచు తవ్వడం మొదలుపెట్టాడు. నేనూ కలిశాను. చీకటి పడకముందే అయిపోయింది. ఇరవై మూడు బస్తాలు. తోసేటప్పుడు ఎప్పుడూ అంత ఉన్నట్టు అనిపించలేదు.

ఏప్రిల్ 10

పాత కాగితాల నకళ్ళు తీసి వరసగా చదివాను. చదవడం ఇదే మొదలు, రాసింది నేనే అయినా.

కూరగాయల సంచులతో వెళ్ళే ఆవిడ. కంటి ఆపరేషన్ అయిన మాస్టారు. కడుపుతో ఉన్న టైలరమ్మాయి, ఆమెకి మోచెయ్యి ఒక్కటే చీరుకుపోయింది, అదొక అదృష్టం. అప్పుడే సైకిలు నేర్చుకుంటున్న నడివయసు ఆయన. మూడు చక్రాల బండి మీద వెళ్ళే కుంటాయన. ఇద్దరు ముసలి దంపతులు, ఒకేసారి. తరవాత అక్క.

వేగం, వేగం, వేగం, వేగం, వేగం, వేగం, వేగం, వేగం.

ఈ ఎనిమిది మందిలో ఒక్కరు కూడా గట్టిగా తొక్కగలిగిన వాళ్ళు కారు. గట్టిగా తొక్కేవాళ్ళు మధ్యలోంచి పోతారు, వాళ్ళకేం కాదు. అంచున వెళ్ళేది మెల్లగా వెళ్ళేవాళ్ళు, వెనకవాళ్ళకి దారి ఇచ్చేవాళ్ళు. అక్క మెల్లగా వెళ్ళింది కాబట్టే పడింది. మీసం కబురు తెస్తే మధ్యలోనా అంచునా అని ఎందుకడిగానో నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.

ఏప్రిల్ 11

తొమ్మిదో కాగితం. అన్నీ నింపాను. కారణం గడి ఖాళీ.

మధ్యాహ్నం ఫైలు సారు ఫోను చేశారు. "ఇదీ వేగమేగా? రాసి పంపెయ్. బోర్డు పెద్దది పెట్టిద్దాం."

"రేపు పంపుతాను సార్."

ఇసుక అని రాస్తే ఇదొక్కటే ఆగదు. మిగతా ఎనిమిదీ తవ్వుతారు. ఉద్యోగం పోతుందనే భయం ఉంది, లేదనను. కానీ ఈ రెండు రోజులుగా కళ్ళు మూసుకుంటే కనిపించేది ఆఫీసు కాదు, నీలం గుడ్డ అట్ట.

ఏప్రిల్ 12

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క మెట్ల కింద ఉంది. సైకిలుకి ఒంటి చేత్తో గాలి కొడుతోంది. కింద దుకాణం ఆయన పంపు పట్టుకుని నిలబడ్డాడు, విసుక్కుంటూ.

"ఇప్పుడే కాదులే, ఊరికే చూస్తున్నా" అంది నన్ను చూసి. "టైర్లు మెత్తగా ఉంటే వేగం రాదటగా?"

చెప్పాలని గట్టిగా అనుకుని వచ్చినవాణ్ణి. మాట మింగేసి పంపు అందుకున్నాను.

ఏప్రిల్ 13

చెప్పేశాను.

పొద్దున, జడ వేస్తూ. ఆమె మొహం నాకు కనబడకూడదని అప్పుడు చెప్పాను. పిరికితనమే, కానీ అలా కాకపోతే చెప్పలేకపోయేవాణ్ణి.

"అక్కా, ఆ మలుపులో ఇసుక ఉంది. నువ్వు పడిన రోజు. నేను ఎత్తకుండా అంచుకి తోసేవాణ్ణి. రెండేళ్ళుగా."

ఒక పాయ అల్లి మళ్ళీ అన్నాను.

"నీ చెయ్యి నేనే విరగ్గొట్టినట్టు. గొడుగుల తాత తుంటి కూడా. అందరివీ."

నేను పాయలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తిట్టు, కొట్టు, ఇంట్లోంచి పొమ్మను అని మనసులో అనుకుంటున్నాను. చివరికి ఆమె అడిగింది ఒక్కటే.

"మరి కాగితం మీద వేగం అని రాశావు?"

"అలవాటుగా రాసేశానక్కా. అందరికీ అదే రాస్తాను."

"అందరికీనా?"

"అందరికీ."

"అయితే ఆ రోజు కూడా నేను మెల్లగానే వెళ్ళానా?"

చెవుల్లో గాలి హోరుమందని చెప్పింది కదా, వంతెన దిగాక రెండు తొక్కులు గట్టిగా తొక్కానంది కదా. నేను అక్కడ లేను, ఏమో, తొక్కిందేమో అనొచ్చు. అనాలని నోటిదాకా వచ్చింది. మళ్ళీ ఇంకో అబద్ధం ఆమె నెత్తిన పెట్టలేకపోయాను.

"మెల్లగానే వెళ్ళుంటావు" అన్నాను.

తల ఊపింది. నా చేతిలో ఉన్న జుట్టు కదిలి తెలిసింది. "చెయ్యి గురించి బాధపడకు" అంది. "జడ వెయ్యి, సూది పట్టలేనని లైబ్రరీ వాళ్ళకి కబురు చెయ్యాలి."

ఏడుపొచ్చింది. చెయ్యి పోయినందుకు ఆమె నన్నొక్క మాట కూడా అనలేదు.

ఏప్రిల్ 14

తొమ్మిదో కాగితంలో ఇసుక అని రాశాను. కింద, గడి బయట, "తోశాను, ఎత్తలేదు" అని కూడా రాశాను. మిగతా ఎనిమిది గురించి ఇంకో తెల్లకాగితం రాసి జతచేశాను. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఫైలు సారు రెండుసార్లు చదివారు. అరుస్తారనుకున్నాను. "ఆ బోర్డు నేను పెట్టించాను కదయ్యా" అన్నారు, చిన్న గొంతుతో.

ఏప్రిల్ 15

అక్క మాట్లాడుతోంది. తింటోంది. బాగానే ఉంది.

ఏప్రిల్ 17

బోర్డు పీకేశారట. మీసం వచ్చి చెప్పాడు. నన్ను బాట మీదికి రావద్దన్నారు. పనిముట్ల గదిలో చీపుర్లు కట్టే పని ఇచ్చారు, విచారణ అయ్యేదాకా. గొడుగుల తాతకి తుంటి ఆపరేషన్ అయింది. చూడ్డానికి వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టి, గొడుగులన్నీ దొరికాయా అని అడిగాడు. దొరికాయన్నాను. ఎందుకు వచ్చానో చెప్పాను. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఏప్రిల్ 19

లైబ్రరీ వాళ్ళు అక్క బల్ల మీద అట్టలు అతికించే జిగురు మిషను పెట్టారట. ఆమె తిరిగి వెళ్తే పుస్తకాలకు నంబర్లు అతికించే పని ఇస్తారట. అక్క ఆ సంగతి చెప్పి, "మంచిదే కదా, సూది అక్కర్లేదు" అంది.

సైకిలు మెట్ల కింద గోడకి ఆనించి ఉంది. దాని వంక చూడకుండా పక్కనుంచి వెళ్తోంది.

ఏప్రిల్ 23

విచారణ. ఆఫీసులో, పై అంతస్తులో, పొడుగాటి బల్ల. పడినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. పాత కాగితంలో వేగం అని ఉంది కాబట్టి, కాదని వాళ్ళ నోటితోనే చెప్పాలట. అప్పుడే దిద్దడం కుదురుతుందట. పద్ధతి.

కూరగాయల ఆవిడ నన్ను కడిగేసింది. మాస్టారు నాకు నమస్కారం పెట్టారు, అది ఇంకా కష్టంగా ఉంది. టైలరమ్మాయి బిడ్డని ఎత్తుకుని వచ్చింది. వాళ్ళంతా చెప్పింది ఒకటే, మేం మెల్లగా వెళ్ళామని, ఇన్నాళ్ళూ తప్పు మాదే అనుకున్నామని. చెప్పి వెళ్ళేటప్పుడు వాళ్ళ మొహాలు తేలికపడ్డాయి. నిజం చెప్పినందుకు నాకు ఆ కాస్త ఊరట మిగిలేలా ఉంది అనుకుంటున్నాను, అప్పుడు అక్కని పిలిచారు.

నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను. ఆమె నావైపు చూడలేదు. కోపంతో కాదు, సారు అడిగేది శ్రద్ధగా వింటోంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెయ్యి దాని మీద కప్పింది.

సారు మర్యాదగానే అడిగారు. "అమ్మా, మార్చి నాలుగో తారీకు పొద్దున మీరు ఆ మలుపులో వేగంగా వెళ్ళారా?"

"లేదండీ."

"ఖచ్చితంగా చెప్పగలరా? అంటే, ఆ ఒక్కసారి ఏమైనా..."

నేను బూట్ల వంక చూసుకుంటున్నాను. తొక్కాను అను, అక్కా, గాలి హోరుమంది అను, దిద్దకపోతే పోనీ అని అరవాలనిపించింది.

"నేను ఎప్పుడూ వేగంగా వెళ్ళలేదండీ" అంది.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. మా తమ్ముడికి తెలుసు."

సారు నావైపు చూశారు. నేను అవునని తల ఊపాను. ఆయన వేగం కొట్టేసి, ఇసుక అని రాసి, కాగితం ఆమె ముందుకు జరిపారు. ఆమె ఎడమ చేత్తో కలం తీసుకుని సంతకం పెట్టింది.